శుక్రవారం బయాన్ తెలుగులో వినపడాలి

పొరుగువాడికి ఆస్తిలో వాటా కూడా ఇమ్మంటారేమో అనిపించేంతగా దైవదూత జిబ్రయీల్ తనకు పొరుగు హక్కు గురించి చెప్పారని ప్రవక్త అన్నట్టు హదీసు. మన పల్లెల్లో ఆ పొరుగువాడు తూర్పు కాపో, కాళింగుడో, కొప్పుల వెలమో. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. అంత మంచి మాటను శుక్రవారం మసీదులో చెప్పే బయాన్ (ధర్మబోధ)లో ఉర్దూలో చెబితే ఆ పొరుగువాడికి చేరదు. ముందువరుసలో కూర్చున్న ముస్లిం కుర్రాడికీ సగమే అర్థమవుతుంది. వాడు చదివింది తెలుగు బడిలో.

మతం ఒప్పుకోదేమో అన్న సందేహం అక్కర్లేదు. జుమా (శుక్రవారం సామూహిక నమాజు) రోజు ఖుత్బా అనే ప్రసంగం రెండు భాగాలు, మధ్యలో ఇమాం కాసేపు కూర్చుంటారు, ఆ తర్వాత రెండు రకాతుల ఫర్జ్ (తప్పనిసరి నమాజు). ఖుత్బా అరబీలోనే ఉండనివ్వండి. దానికి ముందు చెప్పే బయాన్‌కు ఫలానా భాషే కావాలన్న నియమం లేదు. ఇమాం బయటి రాష్ట్రం వారైతే గురువారం సాయంత్రమే ముఖ్యాంశాలు ఒక కాగితం మీద రాయించుకుని, ఊళ్లో చదువుకున్నవారు తెలుగులో చెప్పవచ్చు. నమాజు, రోజా, జకాతు లాంటి మాటలు అలాగే ఉంచి, సబ్ర్‌ను ఓర్పు అనీ, అమానత్‌ను నమ్మి అప్పగించిన సొత్తు అనీ అంటే చాలు. పదిహేను నిమిషాలకు మించకూడదు. ఉభాల (వరినాట్ల) రోజుల్లో అంతకుమించి సాగదీస్తే కూలికి వెళ్లాల్సినవాళ్లు మధ్యలోనే లేచిపోతారు. తప్పు వాళ్లది కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుదీ ఆ జిల్లాయే.

అసలు తగువు వచ్చేది దర్గాల దగ్గర. విజయనగరం ఖాదర్ వలీ బాబా ఉరుసుకు అన్ని మతాలవారూ వస్తారు. సమాధి మీద కప్పే చాదర్, ఫాతెహా ప్రార్థన, తాయెత్తులు షిర్క్ (దేవుడికి సాటి కల్పించడం) అని కొందరు ప్రచారకులు నమ్ముతారు. ఆ మాట చెప్పుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. కానీ మొక్కు తీర్చుకుని వస్తున్న ముసలామెను గుమ్మంలో ఆపి మందలించడం బోధ అనిపించుకోదు. అమ్మవారి ఘటాలు, పసుపు నీళ్ల ముర్రాటలు చూసి వెక్కిరించడమూ అంతే. సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది: మత ప్రచార హక్కు అంటే ఎదుటివాణ్ని మార్చే హక్కు కాదు.

ఇక మైకు. బయాన్‌కు లోపలి బాక్సులు చాలు, బయటి హారన్ అజాన్‌కే ఉంచాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కుదరదు. ధనుర్మాసం భజనకైనా తెల్లవారుజాము ఫజ్ర్ అజాన్‌కైనా ఇదే లెక్క. ఒకరికి సడలించి ఇంకొకరిని పట్టుకుంటేనే గొడవ. జాతర ఊరేగింపు శుక్రవారం పడితే వారం ముందే రెండు వైపుల పెద్దలు కూర్చుని, మసీదు వీధిలోకి డప్పులు ఏ వేళకు రావాలో రాసుకోవాలి. జుమాకు పట్టేది ముప్పావు గంటే.