నిర్దోషి అని తీర్పు వస్తే సరిపోదు

"కేసు కొట్టేశారు కాబట్టి ఇక ఫిర్యాదు చేసినవాడి మీద దావా వేసి పరిహారం రాబట్టుకోవడమే" అని తప్పుడు కేసుల మీద వచ్చిన వ్యాసంలో తేలిగ్గా రాసేశారు. అంత తేలిక కాదండీ. మేం బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటాం. మా బావ మీద పాత వ్యాపార భాగస్వామి దొంగతనం కేసు పెట్టాడు. నాలుగేళ్లు వాయిదాలు. పొద్దున్నే ఫైలూ టిఫిన్ బాక్సూ ఒకే సంచిలో కుక్కుకుని బస్సెక్కడం, మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడటం, చివరికి ఇంకో తారీఖు. ఆ సంచికి సాంబారు మరక ఇప్పటికీ పోలేదు.

కేసు కొట్టేశాక లాయరు గారు తీర్పు కాపీలో ముందు వెతికింది ఒక్కటే: "బెనిఫిట్ ఆఫ్ డౌట్" (నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదు కాబట్టి వదిలేస్తున్నాం) అన్నారా, లేక ఫిర్యాదే కట్టుకథ అన్నారా? ఎందుకంటే నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన సరిపోదు. పరిహారం కావాలంటే, సరైన కారణం లేకుండా, దురుద్దేశంతోనే కేసు పెట్టాడని మనమే రుజువు చేయాలి. నష్టం కూడా చూపించాలి. లాయరు ఫీజు రసీదులు, పోయిన జీతం లెక్కలు, అన్నీ. మా బావేమో సగం రసీదులు పారేశాడు!

వ్యాసంలో అసలు చెప్పనిది గడువు సంగతి. దావాలకు గడువులు పెట్టే 1963 లిమిటేషన్ చట్టం 74వ ఆర్టికల్ ప్రకారం, ఇలాంటి దావా వేయడానికి నిర్దోషిగా విడుదలైన రోజు నుంచి ఏడాదే టైము. పైగా అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. మా అక్క "ఇంకో నాలుగేళ్లు ఆ వరండాలోనా?" అంది. బావ ఇంకా తేల్చుకోలేదు. మూడు నెలలు మిగిలాయి.