రెండో తుమ్ము

దాళ్వా కోతలు మొదలయ్యాయంటే మా బాబాయి ముక్కుకి చేతినిండా పని. చేలో నూర్పిడి మిషను దుమ్ము, ఊళ్ళో కొబ్బరి పీచు ధూళి. మలికిపురంలో ఉంటూ ఈ రెండూ తప్పించుకోవడం ఎవరి తరం? వరసపెట్టి తుమ్మినా బాధ లేదు. ఎవరైనా గుమ్మం దాటుతుంటే సరిగ్గా ఒక్కటి తుమ్మి ఊరుకుంటాడు. ఆ ఒంటి తుమ్ముకి ఆగిపోయిన కొబ్బరి బేరాలు మా వీధిలో చాలానే ఉన్నాయి.

అందుకే నరసాపురంలో తన పెళ్లిచూపులనగానే మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఓ పరికరం పట్టుకొచ్చాడు. చిన్న డబ్బా, రెండు వైర్లు, వాటి చివర రెండు బుల్లి గొట్టాలు. ముక్కులో పెట్టుకుని బటన్ నొక్కితే కాసేపు ఎర్ర లైటు వెలిగి ఆరిపోతుంది. 650 నానోమీటర్ల ఎరుపట. ఎలర్జీకి ముక్కులోపలి పొర వాస్తే దాన్ని తగ్గిస్తుందట.

"కిరణాలేంట్రా, ఏమన్నా అయితేనో?" అంది పిన్ని.

"అతినీలలోహిత కిరణాలు కలిసినది వేరే ఉందమ్మా. హంగరీ డాక్టర్లు తెచ్చారు, అది ఆస్పత్రిలోనే పెడతారు. ఇది ఉత్త ఎరుపు."

ముక్కులో కండ పెరిగిన వాళ్ళకి ఇది పనిచెయ్యదని కూడా చెప్పాడు. నా మటుకు నాకు డాక్టరు రాసిచ్చిన స్ప్రే మీదే గురి. కానీ బాబాయికి కొత్త వస్తువైతేనే భక్తి. అద్దంలో చూసుకుని, "బండి వెనక లైటులా ఉన్నానేంటే?" అని మురిసిపోయాడు.

బయల్దేరే వేళకి ఎదురు రమ్మని పక్కింటి ముత్తైదువని కూడా పిలిచాం. బాబాయి గొట్టాలు ముక్కులో ఉంచుకునే కారు తలుపు తీశాడు.

హాఛ్!

గొట్టాలు రెండూ ఎగిరి పిన్ని చేతిలోని పూతరేకుల పళ్ళెంలో పడ్డాయి. పడి, అక్కడ కూడా వెలుగుతూనే ఉన్నాయి. పైరేకు గులాబీ రంగుకి తిరిగింది.

"ఇంకోటి తుమ్మండి, దోషం పోద్ది!" అంది పిన్ని. బాబాయి నోరు తెరిచి, కళ్ళు మూసి నిలబడ్డాడు. రాదు. పీచు తెచ్చి ముక్కు కింద ఆడించాం. ఎదురింటి తాతగారు ముక్కుపొడుం డబ్బా మూత తీశారు. ఊహూఁ.

"చూశారా, లైటు పనిచేస్తోంది!" అన్నాడు తమ్ముడు, సంతోషం పట్టలేక.

కొందరికి నీడలోంచి ఎండలోకి రాగానే తుమ్ము వస్తుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణం అది. సరే చూద్దామని అందరం అరుగు దిగి ఎండలోకి నడిచాం. బాబాయికి రాలేదు. పిన్నికి వచ్చింది. వెనకే తమ్ముడికీ వచ్చింది, తల్లి పోలిక మరి.

"మూడయ్యాయి. బేసి," అన్నారు తాతగారు. సఖినేటిపల్లి రేవులో పంటు వెళ్ళిపోతుందని డ్రైవరు ఒకటే హారన్.

ఇంతలో ఆడపిల్లవారి ఫోన్. "బయల్దేరారాండీ?"

"ఆయ్, ఇదిగోనండీ, బయల్... హాఛ్!"

నాలుగు! పిన్ని దణ్ణం పెట్టుకుని కారెక్కేసింది. ఫోన్లో మాత్రం కాసేపు చప్పుడు లేదు.

"ఒక్కటే తుమ్మారేంటండీ బావగారూ... పోనీ, రేపు పెట్టుకుందామాండీ?"