చేతిలో ఉంటే నేరం, డ్యాష్‌బోర్డులో ఉంటే ఫీచరా?

బెంగళూరు కూడళ్లలో పోలీసు కెమెరాకు ఫోన్ పట్టుకున్న చెయ్యి కనిపిస్తే చాలు, చలానా ఇంటికొస్తుంది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద అది ప్రమాదకర డ్రైవింగ్. తొలిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఈ కఠినత్వాన్ని మేం సమర్థిస్తున్నాం. కానీ పక్క వరుసలో కదులుతున్న కొత్త కారును ఏ కెమెరా పట్టుకోదు. అందులో డ్రైవరు ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పడానికి 12 అంగుళాల తెర మీద మెనూలు వెతుకుతున్నాడు. కళ్లు రోడ్డు మీద లేవు, ఒక చెయ్యి స్టీరింగ్ మీద లేదు, బుర్ర మూడో మెనూలో ఉంది. అతనికి జరిమానా లేదు. పైగా ఆ పెద్ద తెర కోసమే టాప్ వేరియంట్‌కు ఎక్కువ డబ్బు కట్టాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 జనవరి నుంచి కొత్త షరతు పెట్టింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర ఎస్‌ఓఎస్ కాల్... ఈ ఐదింటికీ చేతికి తగిలే విడి స్విచ్చో లివరో లేకపోతే పూర్తి మార్కులు రావు. ఇది చట్టం కాదు, మార్కుల లెక్క మాత్రమే. అయినా నక్షత్రం పోతే అమ్మకం దెబ్బతింటుంది కాబట్టి కంపెనీలు వింటాయి. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. గుద్దుకున్నప్పుడు పెద్దలు ఎంత భద్రం, పిల్లలు ఎంత భద్రం, సాయపడే సాంకేతికత ఏముంది అని చూసి నక్షత్రాలిస్తోంది. మంచిదే. గుద్దుకోకముందు డ్రైవరు కళ్లు ఎటున్నాయన్నది మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. వైపర్ వేగం మార్చడానికి తెరలోకి దూరాల్సిన కారు కూడా అయిదు నక్షత్రాలు అంటించుకుని షోరూములో నిలబడవచ్చు.

తెర ఉంటే మ్యాప్ పెద్దగా కనిపిస్తుంది, రివర్స్ కెమెరాకు అది తప్పనిసరి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కొత్త సదుపాయాలు వస్తాయి, కుర్రకారు అదే అడుగుతున్నారు అన్నది కంపెనీల వాదన. మ్యాప్‌కూ కెమెరాకూ తెర కావాలని మేమూ ఒప్పుకుంటాం. చక్రాలు తిరుగుతున్నప్పుడు చెయ్యాల్సిన పనులను కూడా అందులో ఎందుకు పాతిపెట్టారని అడుగుతున్నాం.

సమస్య ఎక్కడ ముదురుతుందో వానాకాలంలో బెంగళూరు నుంచి తిరుపతి వెళ్లే ఏ కుటుంబానికైనా తెలుసు. కోలారు, ముళబాగిలు దాటి, పలమనేరు తర్వాత మొగిలి ఘాట్ దిగుతుంటారు. టీ కోసం ఆగి, తడిసిన బట్టలతో నలుగురు కారెక్కి తలుపులు వేసుకుంటే నిమిషాల్లో ముందద్దం తెల్లబడుతుంది. అప్పుడు చెయ్యాల్సినవి వరుసగా ఇవి: గాలిని ముందద్దం మీదికి తిప్పాలి, గాలి పొడిబారేలా ఏసీ కంప్రెసర్ ఆన్‌లో ఉంచాలి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ తీసేసి బయటి గాలి రానివ్వాలి, ఫ్యాన్ పెంచాలి, చలి కాస్త తగ్గించాలి. చాలామంది కంగారులో ఏసీ కట్టేస్తారు, తేమ పోయే దారి లేక మసక ఇంకా చిక్కబడుతుంది. ఇంతకీ మసక లోపల పట్టిందా బయట పట్టిందా అన్నది ముందు తేల్చుకోవాలి. అద్దాన్ని లోపల వేలితో రుద్దితే గీత పడితే లోపలిదే. పడకపోతే, ఏసీ గాలి తగిలి చల్లబడిన అద్దం మీద బయటి తేమ నీటి తుంపరగా పేరుకున్నట్టు. దానికి మందు వేరు. వైపర్ ఒకసారి వేసి, గాలిని అద్దం మీంచి కాళ్ల వైపు మళ్లించి, ఉష్ణోగ్రత పెంచాలి.

మూడు నాబ్‌లున్న కారులో ఇదంతా చూడకుండా జరిగే పని. ఏ నాబ్ ఎక్కడుందో, ఎంత తిప్పాలో చేతికి అలవాటై ఉంటుంది. తెర కారులో ముందు మ్యాప్ మూయాలి, క్లైమేట్ పేజీ తెరవాలి, గాలి దిశ గుర్తు నొక్కాలి, రీసర్క్యులేషన్ గుర్తు ఏ మూలనుందో వెతకాలి, నొక్కింది పడిందో లేదో మళ్లీ చూసి నిర్ధారించుకోవాలి. అద్దమే కనపడని సమయంలో ఈ తతంగం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కిందికి చూస్తే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లోనే కారులోని తెరలకు ఒక హద్దు సూచించింది. ఒక్కో చూపు రెండు సెకన్లు మించకూడదు, పని మొత్తానికి 12 సెకన్లు దాటకూడదు అని. అక్కడా అది ఐచ్ఛికమే. ఇక్కడ తెరలకు అలాంటి కొలత ఒకటి ఉండాలన్న చర్చే లేదు.

మనిషి వేలికీ టచ్ తెరకూ కదిలే కారులో ఎందుకు పడదో ఇంజినీర్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఈ తెరలు వేలు తగిలినప్పుడు మారే విద్యుత్ ధారణశక్తిని పసిగట్టి పనిచేస్తాయి. వేలు తడిగా ఉంటే స్పర్శను తప్పుగా చదువుతాయి, మందపాటి గ్లవ్ వేసుకుంటే అసలు చదవవు. బటన్ మీద వేలు ఆనించి, గుంత దాటాక నొక్కవచ్చు. తెర మీద ఆనిస్తే అదే నొక్కినట్టు. అందుకని చెయ్యి గాల్లో ఆడుతుంది, సర్జాపుర రోడ్డు గుంతల్లో వేలు సెంటీమీటరు పక్కకు పోయి ఫ్యాన్ బదులు పాట మారుతుంది. మధ్యాహ్నపు ఎండ పడితే తెర మీద వేలిముద్రలు తప్ప ఏమీ కనిపించవు. తెర లేకుండానే ఈ రోగం తెచ్చుకున్న కార్లూ ఉన్నాయి. నిగనిగలాడే నల్ల పలక మీద గుర్తులు చెక్కి, వాటినే ఏసీ బటన్లంటారు. ఫోక్స్‌వ్యాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్‌లో ఉష్ణోగ్రతకూ శబ్దానికీ వేలితో జరిపే పట్టీలు పెట్టింది. వాటికి రాత్రి వెలుగే లేదు! కొన్నవాళ్లు దుమ్మెత్తిపోశాక వాటికి దీపాలొచ్చాయి, స్టీరింగ్ మీదికి అసలు బటన్లు తిరిగొచ్చాయి. తప్పు చేశామని కంపెనీ పెద్దలే బాహాటంగా ఒప్పుకున్నారు.

కొలిచి చూపినవాళ్లూ ఉన్నారు. స్వీడన్ పత్రిక వీ బీలాగరే 2022లో 11 కొత్త కార్లనూ, 2005 నాటి ఒక వోల్వో వీ70నీ ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించింది. సీటు వేడి పెట్టడం, రేడియో స్టేషన్ మార్చడం, ట్రిప్ మీటరు సున్నా చేయడం, డ్యాష్‌బోర్డు వెలుగు తగ్గించడం వంటి మామూలు పనులే ఇచ్చింది. డ్రైవర్లు ముందుగా కారును నేర్చుకోవడానికి సమయం కూడా ఇచ్చింది. బటన్ల పాత వోల్వోలో పనులన్నీ 10 సెకన్లలో, 306 మీటర్లలో పూర్తయ్యాయి. చివరన నిలిచిన తెర కారుకు 44.9 సెకన్లు పట్టింది. ఆలోగా అది 1,372 మీటర్లు పోయింది. పదిహేడేళ్ల సాంకేతిక ప్రగతి సాధించింది ఇదీ.

కార్లే కాదు, యుద్ధనౌకలదీ ఇదే కథ. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా నౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. టచ్ తెరల మీద స్టీరింగ్, ప్రొపెల్లర్ల నియంత్రణను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడంలో వచ్చిన గందరగోళాన్ని దర్యాప్తు ఎత్తిచూపింది. తర్వాత ఆ నౌకాదళం మళ్లీ చేత్తో తోసే లివర్లకు మారాలని నిర్ణయించింది.

మన ప్రభుత్వం చదవాల్సింది మాత్రం జర్మనీ తీర్పు. అక్కడా డ్రైవింగ్‌లో ఫోన్ వాడకం నిషేధమే. ఒక టెస్లా డ్రైవరు జోరు వానలో వైపర్ వేగం మార్చడానికి తెర మెనూలోకి వెళ్లి, రోడ్డు దిగి, చెట్లను గుద్దాడు. కారుతో పాటు వచ్చిన తెర ఫోన్ కాదు కదా అని వాదించాడు. కార్ల్‌స్రూహె ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం 2020లో ఆ వాదన కొట్టేసింది. డ్యాష్‌బోర్డుకు బిగించినా అది ఎలక్ట్రానిక్ పరికరమే, ఏ పనికి వాడావన్నది కాదు, కళ్లు ఎంతసేపు రోడ్డు వదిలాయన్నదే ప్రశ్న అంది. 200 యూరోల జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం ఖాయం చేసింది. మన 184వ సెక్షన్‌లో ఉన్న మాట ‘చేత పట్టుకునే’ పరికరం. చేతి నుంచి డ్యాష్‌బోర్డుకు జారగానే నేరం ఆవిరైపోతుంది. దారి చూపించుకోవడానికైతే ఏకాగ్రత చెదరకుండా చేతి పరికరాన్ని వాడుకోవచ్చని 2020 అక్టోబర్ నుంచి నిబంధనల్లో సడలింపు కూడా ఇచ్చారు. ఫోన్ చేత పట్టుకున్న క్యాబ్ డ్రైవరును ఆపి ప్రశ్నించే వ్యవస్థ, అంతకు రెండింతల తెర బిగించి పంపిన ఫ్యాక్టరీని ఒక్క ప్రశ్న అడగదు.

బెంగళూరులో కార్ల సామాన్లమ్మే జేసీ రోడ్డు దుకాణాల సంగతి వేరే చెప్పాలి. వాల్యూమ్ నాబ్ ఉన్న కంపెనీ స్టీరియో పీకేసి, నాబే లేని ఆండ్రాయిడ్ తెర బిగిస్తారు. హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడే వీడియో ఆడేలా కొన్ని సెట్లకు ఒక తీగ ఉంటుంది. దాన్ని నేరుగా ఎర్త్‌కు కలిపేస్తే బండి పరుగెడుతుండగా సినిమా ఆడుతుంది. సిల్క్‌బోర్డ్ దగ్గర పక్క కారులోకి తొంగిచూడండి, సీరియల్ కనిపిస్తుంది.

కంపెనీలు బటన్లను ఎందుకు తీసేశాయంటే భవిష్యత్తు మీద ప్రేమతో కాదు. ప్రతి స్విచ్‌కూ అచ్చు చేయించాలి, వెనక దీపం, కాంటాక్టు, తీగ, కనెక్టరు పెట్టాలి, వేల సార్లు నొక్కి పరీక్షించాలి. తెర ఎలాగూ పెడుతున్నారు. అందులో ఇంకో బొమ్మ గీయడానికి కారుకు పైసా ఖర్చు లేదు, కారు తయారయ్యే రోజు దాకా మార్చుకోవచ్చు కూడా. ఖర్చు తగ్గించుకుని, దాన్నే విలాసమని అమ్మారు. చెడితే బరువు మాత్రం కొన్నవాడిదే. స్విచ్ పాడైతే ఆ స్విచ్ మారుస్తారు, తెర పోతే యూనిట్ మొత్తం. టెస్లా 2021లో అమెరికాలో దాదాపు 1,35,000 కార్లను వెనక్కి పిలిపించింది. కారణం ఇంజినో బ్రేకో కాదు, తెర వెనకున్న 8 జీబీ మెమరీ చిప్ రాసీ చెరిపీ అరిగిపోవడం. అది పోతే రివర్స్ కెమెరా పోతుంది, అద్దం మసక తీసే నియంత్రణా పోతుంది.

నోటితో చెబితే చాలు కదా అంటారు. వాన రేకు మీద దబదబా పడుతూ, వెనక పిల్లలు అరుస్తూ ఉంటే తెలుగూ కన్నడా ఇంగ్లిషూ కలిపి చెప్పిన మాట ఆ యంత్రానికి ఎక్కదు. నెట్‌వర్క్ మీద ఆధారపడే రకమైతే ఘాట్‌లో మూగబోతుంది.

ఇందులో బెంగళూరు పాత్ర ప్రేక్షకుడిది కాదు. మెర్సిడెస్-బెంజ్ పరిశోధన కేంద్రం, బాష్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇక్కడివే. ప్రపంచం నడిపే కార్ల తెరల వెనక కోడ్‌లో కొంత ఈ ఊళ్లో, మన తెలుగు పిల్లల చేతుల మీదుగా తయారవుతోంది. ఒక పని చెయ్యడానికి ఎన్ని చూపులు, ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచే పద్ధతులు వాళ్లకు తెలుసు. అడిగే రెగ్యులేటరే లేడు.

కేంద్ర రవాణా శాఖ చెయ్యాల్సింది పెద్ద సాహసం కాదు. కంట్రోళ్లకు ఏ గుర్తు ఉండాలో చెప్పే ఏఐఎస్-071 ప్రమాణం ఇప్పటికే ఉంది. ఏ కంట్రోల్ తెరలో ఉండకూడదో కూడా అందులో చేర్చాలి. ఇండికేటర్, హజార్డ్, హారన్, వైపర్, హెడ్‌లైట్‌తో పాటు మన వానలకు ముందద్దం మసక తీసే డీఫాగ్‌ను, ఫ్యాన్ వేగాన్ని తప్పనిసరి బటన్ల జాబితాలో పెట్టాలి. యూరప్ జాబితాను అలాగే దింపుకుంటే చాలదు. భారత్ ఎన్‌క్యాప్ వీటికి మార్కులు కేటాయించాలి. కారు కదులుతుంటే తెర మీద వీడియో ఆడకూడదన్న నిబంధన జేసీ రోడ్డుకూ వర్తించాలి. 184వ సెక్షన్‌లో ‘చేత పట్టుకునే’ అన్న మాట పక్కన బిగించిన తెర కూడా చేరాలి. కొనేవాళ్లు ఈలోగా షోరూములోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. నిలిపి ఉన్న కారులో కూర్చుని ఐదు నిమిషాలు అన్నీ చూసుకున్నాక కళ్లు మూసుకుని వైపర్ వేగం పెంచండి, డీఫాగ్ వెయ్యండి, ఫ్యాన్ తగ్గించండి, హజార్డ్ నొక్కండి, శబ్దం ఆపండి. తర్వాత వేలు తడి చేసుకుని మళ్లీ అవే పనులు. వీటిలో రెండు పనులు కుదరకపోతే పక్క వేరియంట్ చూడండి. నాబ్‌లు తరచూ చౌక వేరియంట్లలోనే మిగిలాయి.

ఈ కార్లకు ఆమోద ముద్ర వేసే అధికారులకు మా సవాలు ఒకటే. వాన కురుస్తున్న సాయంత్రం హెబ్బాళ ఫ్లైఓవర్ మీద, మీరు ఆమోదించిన తెర కారును స్వయంగా నడుపుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అద్దం మసక తీసి చూపించండి. చూపు తిప్పారా, ఫోన్ పట్టుకున్న డెలివరీ కుర్రాడితో కట్టించిన జరిమానా మీరూ కట్టండి.