గోడెక్కిన లెక్కల మాస్టారు

లెక్కల మాస్టారు పోయాక ఆయన పేరున ఏదైనా చెయ్యాలని వీధంతా కూడబలుక్కుంటే, మొట్టమొదట తప్పేది లెక్కే. విజయనగరంలో పెద్దచెరువు వైపు ఏ సందులోకెళ్లి చూసినా ఇదే వరస. పదకొండో రోజు భోజనాల దగ్గర కమిటీ పుడుతుంది. అధ్యక్షుడు ఒకరు, గౌరవాధ్యక్షులు ముగ్గురు, కోశాధికారి ఒకరు, సభ్యులు పద్నాలుగు మంది. నిచ్చెన పట్టుకునేవాడు మాత్రం ఎవడూ ఉండడు.

మొదటి తీర్మానం ఎప్పుడూ విగ్రహమే. గంటస్తంభం, మూడు లాంతర్లు చూస్తూ పెరిగినవాడికి కూడలి ఖాళీగా కనిపిస్తే మనసు ఊరుకోదు. అప్పుడు మునిసిపల్ ఆఫీసులో చేసి రిటైరైన సభ్యుడు గొంతు సవరించుకుంటాడు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద, జనం వాడుకునే చోట్ల విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. హైమాస్ట్ దీపాలకి, వీధి దీపాలకి, ట్రాఫిక్ కట్టడాలకి మాత్రం అడ్డులేదంది. ఈ ఆఖరి ముక్క వినగానే వెనక బెంచీలోంచి ఒక బుర్ర లేస్తుంది.

“అయితే మాస్టారి సేతిలో ఓ లైటెట్టేద్దుం బావు. ఎవుడైనా అడిగితే దీపస్తంభం అని సెప్పీవొచ్చు.”

ఈ సూచనని మినిట్స్ పుస్తకంలో రాసి, టీలు వచ్చాక కొట్టేస్తారు. కొట్టేయడమే మంచిది. విగ్రహానికి ముందు మొహం ఒక్కటే చాలదు, పక్క నుంచి తీసిన ఫొటో కూడా కావాలి. మట్టి బొమ్మ దశలోనే ఇంటివాళ్లంతా వచ్చి చూసుకోవాలి. ప్లాస్టర్ అచ్చు తీసి ఫైబర్ పోశాక ముక్కు గురించి మాట్లాడి లాభం లేదు. పైగా కళ్లజోడు, చేతికర్ర, చూపుడువేలు, ఈ మూడూ ఏ విగ్రహానికైనా ముందు విరిగేవే. మన మాస్టారికి మూడూ ఉన్నాయి.

కాబట్టి గోడ. ఆయన ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన బడిలోనే, వీధి వైపున్న తరగతి గది పక్కగోడ. అనుమతి కాగితం మీద తీసుకోవాలి. ఏ గోడ, ఎంత మేర, ఏం బొమ్మ, రంగు పోతే మళ్లీ ఎవరు వేయిస్తారు, ఈ నాలుగూ అందులో ఉండాలి. హెడ్మాస్టరు నోటిమాటగా “కానివ్వండి” అంటే అది ఆయన బదిలీ అయ్యేదాకానే. తర్వాతాయన హయాంలో ఏదో పథకం వస్తుంది, పథకంతో పాటు కొత్త రంగొస్తుంది, మాస్టారు ఒక్క పూటలో లేత పసుపులో కలిసిపోతారు.

గోడ ఏ దిక్కు చూస్తుందన్న దాని మీద కమిటీ రెండు ముక్కలవుతుంది. దక్షిణం యముడి దిక్కు, అటు చూస్తూ బొమ్మ ఉండకూడదని ఒక వర్గం. దక్షిణం, పడమర గోడలకి ఎండ ఎక్కువ, ముందు ఎరుపూ ఆ తర్వాత పసుపూ వెలిసిపోతాయని పెయింటరు. వాస్తుకీ పెయింటు డబ్బాకీ రాజీ కుదిరేది బహుశా ఈ ఒక్క విషయంలోనే. ఉత్తరం గోడ ఖాయమైంది. ఎర్ర ఆక్సైడు, పసుపు ఆక్సైడు లాంటి మట్టి రంగులైతే ఎండకి తట్టుకుంటాయి గానీ, కమిటీకి మాస్టారి వెనకాల గులాబీ రంగు సూర్యోదయం కావాలి.

ఉత్తరం గోడకి అప్పటికే ఒక కళాకారిణి ఉంది. పదిహేనేళ్లుగా ఆ గోడ మీద పిడకలు కొడుతున్న మనిషి. కమిటీ మొత్తం వెళ్లి ఆమె ముందు నిలబడింది. ఆమె చెయ్యి కడుక్కోకుండానే తీర్పు చెప్పింది.

“మాస్టారుబాబు మొకం మీద నాను పిడకలేస్తానేటి? కింద మూడడుగులు నాకొగ్గీయండి. పైనంతా మీదే.”

ఇంజినీరుని అడిగినా ఇంతకంటే మంచి సలహా ఇవ్వడు. నేలలో తడి గోడలోకి పాకి ఒకటి రెండు అడుగులు ఎక్కుతుంది. తడితో పాటు ఉప్పూ ఎక్కి, తెల్లగా చౌడు పూసి, లోపల్నుంచి రంగుని పొరలు పొరలుగా తోసేస్తుంది. వానాకాలం బురద చిందేదీ, కుక్కలు ఆగేదీ అక్కడే. అందుకని కింద రెండు మూడు అడుగులు బొమ్మకి ఇవ్వకూడదు. పైనయినా తడి ఉందో లేదో చూడాలంటే అడుగు చదరం పాలిథిన్ కాగితం నాలుగు వైపులా టేపు వేసి అంటించి ఒక రోజు వదలాలి. మర్నాటికి లోపలివైపు నీటి బొట్లుంటే గోడ ఇంకా ఆరనట్టు. కమిటీ కాగితం అంటించింది. మర్నాడు కాగితమే లేదు. ఎదురింటివాళ్లు ఊరగాయ జాడీకి కట్టుకున్నారు.

ఇక కొలత. గోడ ఎత్తు 11 అడుగులు. కింద మూడు పోతే ఎనిమిది. పొడవు 40. అంటే 320 చదరపు అడుగులు, ఐదో తరగతి లెక్క. కానీ పొడవు కొలిచినాయన టేపులో అడుగుల వైపు చూశాడు, ఎత్తు కొలిచినాయన మీటర్ల వైపు చూశాడు. కోశాధికారి 40ని 2.4తో గుణించి, 96 అని రాసుకుని, కొట్టుకెళ్లి ఒక లీటరు ప్రైమరు తెచ్చాడు. లీటరు ప్రైమరు నున్నటి గోడ మీద ఒక చేతికి, అంటే ఒక పూతకి, వంద చదరపు అడుగులు వస్తే గొప్ప. గరుకు గోడైతే దాహం ఎక్కువ, అరవయ్యో డెబ్భయ్యో దగ్గర ఆపేస్తుంది. ఇది పొడవులో ఎనిమిదో అడుగు దగ్గర ఆగింది. “యూనిట్లు రాయండ్రా!” అని ముప్ఫై ఏళ్లు డస్టరు విసిరిన మనిషి గోడ అది.

మళ్లీ కొన్నారు. ఈసారి భయంతో ఇరవై లీటర్ల బకెట్టు. పై రంగు మాత్రం మూడు విడతలుగా, మూడు రోజులు కలిపించారు. అక్కడే మోసపోతారు. షేడు నంబరు ఒకటే అయినా విడతకీ విడతకీ కాస్త తేడా వస్తుంది. ఉన్న డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్టులో పోసి కలిపాకే బ్రష్షు ముంచాలి. లేకపోతే సూర్యోదయం మూడు వాటాలుగా అవుతుంది, మధ్యలో గట్లు కనిపిస్తాయి.

పాత రాతల సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ గోడ మీద ఎన్ని ఎన్నికలు వెళ్లిపోయాయో! సున్నం మీద ఎర్రరంగు, దాని మీద మళ్లీ సున్నం. సున్నం పొరని ఇనుప బ్రష్షుతో గీకకుండా, కడగకుండా, ఆరబెట్టకుండా పైన ప్రైమరు వేస్తే, ప్రైమరు పట్టుకునేది గోడని కాదు, సున్నాన్ని. సున్నం ఎవరినీ పట్టుకోదు. ఊడనిచోట కింద ఎరుపు పైకి ఊరుతుంది. రెండు చేతులు రంగు పడ్డాక, మాస్టారి నుదుటి మీద, సరిగ్గా విభూతి ఉండాల్సిన చోట, లేత గులాబీ రంగులో “ఓటు” తేలింది. జీవితంలో ఏ పార్టీకీ వేశానని చెప్పని మనిషి.

ఫొటో కథ వేరు. ఆయన ఫొటోలు తీయించుకునే రకం కాదు. దొరికిందల్లా సర్వీసు రిజిస్టరు కాపీలోంచి ఊడదీసిన పాస్‌పోర్టు సైజు. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు. దాన్ని గోడ మీద 180 సెంటీమీటర్ల ఎత్తుకి పెంచాలి, అంటే నలభై రెట్లు. ఫొటో మీద గళ్లు గీసి, గోడ మీద నీలిమందు దారం సాగదీసి కొట్టి అన్నే గళ్లు వేసుకుని, గడికి గడి ఎక్కించుకుంటూ పోవాలి. పద్ధతి మంచిదే. కానీ నలభై రెట్లన్నప్పుడు ఫొటోలో ఒక మిల్లీమీటరు పొరపాటు గోడ మీద నాలుగు సెంటీమీటర్లు. పైగా ఆఫీసు ఫొటో మీద సగం రబ్బరుస్టాంపు ఉంటుంది. పెయింటరు నిజాయితీపరుడు. ఎడమ చెంప నుంచి భుజం దాకా వంకర తిరిగిన ఊదారంగు గీతని ఒక్క వెంట్రుక తేడా లేకుండా ఎక్కించాడు. మాస్టారు చిన్నప్పుడు పులితో పోరాడినట్టు వచ్చింది.

“నాకిచ్చిన ఫొటోలో ఉన్నదే ఏసినాను బావు. ఆరికి గాయం లేదని మీరెవులూ నాకు సెప్పనేదు.”

ఫొటోని ముందు పెద్దది చేయించి, మరకలు తుడిపించి, ఇంట్లో ముసలివాళ్ల చేత “ఆఁ, ఈయనే” అనిపించుకున్నాకే గళ్లు గీయాలి. గళ్లు గీశాక అయితే ఒక్కొక్కళ్లూ ఒక్కొక్క గడి పంచుకుని దాని మీదే వాదిస్తారు. పంచె విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ఆయన కట్టింది పొందూరు ఖద్దరు, మల్లెపూవు తెలుపు. ప్రైమరూ తెలుపే. తెల్లగోడ మీద తెల్లపంచె వేస్తే నడుము కింద మనిషి ఉండడు. చాకలి నీలిమందు పెట్టినట్టు మడతల్లో లేత నీలం, బూడిదరంగు నీడలు పడితే గానీ పంచె పంచెలా కనపడదు. ఇది తెలిసిన పెయింటరు దొరికితే గడ్డం పట్టుకుని బతిమాలి అయినా ఉంచుకోవాలి.

ఎప్పుడు వేయించాలన్నది ఇంకో తగువు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఆ ముందు రోజుల్లో ఊళ్లో బ్రష్షు పట్టినవాడు ఒక్కడూ ఖాళీగా ఉండడు, బాదులూ తాళ్లూ అద్దెకి దొరకవు. పైగా అక్టోబరంటే తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ 12న వచ్చింది, 2018లో తిత్లీ 11న వచ్చింది. సరుగుడు బాదులతో కట్టిన పరంజాకి రెండో అవకాశం ఇవ్వరు తుఫాన్లు. సంక్రాంతి వెళ్లాక ఫాల్గుణం దాకా అసలైన కాలం. కమిటీ కాబట్టి మే నెల పెట్టుకుంది. వర్ధంతి మే 20. ఎండకి కాలిన గోడ మీద రంగు బ్రష్షు చివరే ఎండిపోతుంది. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ నాలుగు దాటాక, అంతే పని. మధ్యలో పెయింటరు పరంజా కింద పడుకుంటాడు, కమిటీ పని జరగట్లేదని చుట్టూ తిరుగుతుంది.

కార్డులు అచ్చయ్యాక మాస్టారి పెద్దమ్మాయి వచ్చింది. “ఇంగ్లీషు తారీకు ఏంటండీ? నాన్నగారికి తిథి ప్రకారమే చెయ్యాలి.” చాంద్రమానం ఏడాది దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ పదకొండు రోజులూ పనిలోంచి పోయాయి. రంగు వారమైనా ఆరాక వెయ్యాల్సిన పై పూత, ఆ మెరిసే క్లియర్‌కోటు, రెండో రోజునే పూసేశారు. లోపల తడి చిక్కుకుని పాలు పోసినట్టు తెల్లబడింది. మాస్టారు పొగమంచులో బడికొస్తున్నట్టున్నారు. బాగానే ఉందన్నారు కొందరు.

రాయి కథ ఆ హడావిడిలోనే జరిగింది. నల్ల గ్రానైటు, మూడడుగులు ఇంటూ రెండు. చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు. వెంటనే తగువు. ఒత్తు అక్షరమా కాదా? దీర్ఘానికి వేరే ఇవ్వాలా? “శ్రీ” ఒకటా మూడా? దాతల పేర్ల దగ్గర మాత్రం ఎవరూ బేరం ఆడలేదు. చివరికి మాస్టారి పేరు ఒక వరసలోనూ, కమిటీ పేర్లు పదకొండు వరసల్లోనూ వచ్చాయి. డీటీపీ చేసిన తెలుగుని అలాగే ఫోనులో పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది తెలుగుగా తెరుచుకోదు. ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులూ వస్తాయి. “కర్వ్స్ చేసి పంపండి”, అంటే అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చి పంపండి, అని రాయివాడు మొత్తుకునేది అందుకే. తర్వాత రాతి సైజులోనే కాగితం మీద ప్రూఫు తీయించి గోడకి అంటించి, కమిటీలో లేని ముగ్గురి చేత చదివించాలి. ఒకరి చేత కింద నుంచి పైకి. గ్రానైటులో అక్షరం దిగాక చెరపడం ఉండదు. నల్లపొడి కలిపిన ఎపాక్సీ జిగురుతో పూడిస్తే ఎండలో మచ్చ కనిపిస్తుంది. రాయిని వెనక్కి తిప్పి, పాలిష్ పట్టి మళ్లీ చెక్కడమొక్కటే దారి.

పదకొండు రోజులు పోయాయి కదా, ప్రూఫు చదవలేదు. దాతలు ఎవరి పేరు వాళ్లు చదువుకున్నారు.

పుట్టిన తేదీ దగ్గర కాస్త జాగ్రత్త పడ్డామనే అనుకున్నారు. ఆ తరంలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు, బడిలో చేర్చుకున్న పంతులుగారి దయ. సర్వీసు రిజిస్టరులో 1-7-1939. ఒకటో తారీకున పుట్టినవాడికి ముందు నెల ఆఖరి రోజే రిటైర్మెంటు కాబట్టి 58 ఏళ్లకి, 30-6-1997న దిగిపోయారు, అదీ సరిపోయింది. పోయింది 20-5-2017. కోశాధికారి 2017లోంచి 1939 తీసేశాడు. 78. రాతి మీద “78 ఏళ్లు జీవించి” అని పడింది.

ఆవిష్కరణ పొద్దున్న రాయికి పట్టుగుడ్డ కట్టి ఉంది. గౌరవాధ్యక్షులు ముగ్గురూ తలో తాడూ లాగారు. గుడ్డ జారింది. 78 చుట్టూ ఎర్ర సుద్దతో గుండ్రంగా గీత. పక్కన, ఏడుకి నడుం మీద అడ్డగీత పెట్టే ఆ పాత చేతిరాతలో, “తప్పు. జూలై ఇంకా రాలేదు. 77. 0/5. మళ్ళీ చెయ్యి.”

ఆయన దగ్గర చదువుకున్న ప్రతివాడి ఏడుకీ అడ్డగీత ఉంటుంది. ఆ వీధిలో అలా రాసేవాళ్లు అరవై మందికి తక్కువ ఉండరు. అధ్యక్షుడు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

“సరిగ్గానే ఉంది గదా, మాస్టారే దిద్దినట్టుంది,” అంది పిడకలావిడ, తన మూడడుగుల మీద ఇంకొకటి కొడుతూ.

రాయివాడు ముందుకొచ్చాడు. తిప్పి చెక్కమన్నా చెక్కుతాను, లేదంటే ఆ సుద్దరాతనే పక్కన చెక్కేస్తాను, కలకాలం ఉంటుంది అన్నాడు. సుద్దరాతకే అందరూ మొగ్గారు. సున్నా ఒకటి, ఐదు ఒకటి. మధ్యనున్న గీతని అక్షరంగా లెక్కెయ్యాలా వద్దా అన్న దగ్గర ఆగి, కమిటీ మళ్లీ కూర్చుంది.