కంప్యూటర్ గారు అబద్ధం ఆడరు

ఇంగ్లండ్ కోర్టులో బోనెక్కిన ప్రతి మనిషీ నిజమే చెప్తానని ఒట్టేయాలి, బిషప్ అయినా సరే. ఆ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు పీకి పాకం పెడతాడు. ఒక్క కంప్యూటర్ గారికి మాత్రం ఈ తిప్పలేవీ లేవు. వారిది సత్యహరిశ్చంద్రుడి వంశం. వారు సరిగ్గానే పనిచేస్తున్నారని కోర్టు ముందే నమ్మేస్తుంది, కాదనేవాడే ఆధారం తేవాలి.

ఒకప్పుడు ఇంత మర్యాద ఉండేది కాదు లెండి. 1984 నాటి చట్టంలో 69వ సెక్షన్ అని ఒకటుండేది, క్రిమినల్ కేసులో కంప్యూటర్ కాగితం చూపించేవాళ్లే అది సరిగ్గా పనిచేసిందని కూడా చూపించాలి. పాపం, ప్రాసిక్యూషన్‌కి టెన్షన్. అందుకని లా కమిషన్ సలహా మీద 1999లో చట్టం చేసి ఎత్తేశారు. ముహూర్తం చూడండి, సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటిష్ పోస్టాఫీసుల్లోకి ఫుజిత్సు కంపెనీ వారి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ దిగింది.

హాంప్‌షైర్ పల్లెలో పోస్టాఫీసు నడిపే ఒకావిడకి హొరైజన్ లెక్కలో రెండు వేల పౌండ్లు తగ్గాయి. హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పినట్టే చేసింది, కళ్లముందే లోటు నాలుగు వేలైంది. బ్రిడ్లింగ్టన్‌లో ఇంకొకాయన అదే హెల్ప్‌లైన్‌కి 91 సార్లు ఫోన్ చేశాడు. లోటు కట్టమని ఆయన మీదే పోస్టాఫీసు దావా వేసింది. లాయరును పెట్టుకునే స్తోమత లేక తన కేసు తనే వాదించుకున్నాడు. 2007లో తీర్పు వచ్చింది: లోటు సుమారు 25 వేలు, కోర్టు ఖర్చుల కింద ఇంకో 3 లక్షల 21 వేల పౌండ్లు, అన్నీ ఆయనే కట్టాలి.

ఆ పెట్టెను ఒక్కసారి బోనెక్కించి ఉంటే! కీబోర్డు మీద బైబిలు పెట్టి లాయరు అడుగుతాడు, "అయ్యా, రెండు వేలు నాలుగు వేలెలా అయ్యాయి?" "ఎర్రర్." "పోనీ, మీ జోలికి వేరే ఎవరైనా వచ్చారా?" "దయచేసి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి." జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, "సాక్షి నమ్మదగినవారిలాగే ఉన్నారు" అని రాసుకుంటారు.

సరే, కంప్యూటర్‌దే తప్పని నిరూపించుకోండి అంటారు. దేంతో? బగ్గుల చిట్టా ఫుజిత్సు దగ్గర, రికార్డులు పోస్టాఫీసు దగ్గర, నిందితుడి దగ్గర ఉన్నది ఏడుపు. డిస్‌క్లోజర్ అని గొప్ప రూలుంది, తమకు నష్టం చేసే కాగితాలైనా ఎదుటివాడికి ఇవ్వాలట. 2013లో హొరైజన్ లోపాల మీద జరిగిన మీటింగుల మినిట్స్ ముక్కలు చేసేయమని ఎవరో చెప్పారని పోస్టాఫీసు తరఫు లాయరే రాసిపెట్టాడు. సిగ్గుండాలి కదా! కడుపుతో ఉన్న మనిషిని 2010లో జైలుకి పంపారు. ఇలా పోస్టాఫీసులు నడిపేవాళ్లలో తొమ్మిది వందల మందికి పైగా దొంగలన్న ముద్ర వేశారు, కొందరు పరువు పోయి ప్రాణాలే తీసుకున్నారు. ఆ పెట్టెను మాత్రం ఎవడూ గట్టిగా ఒక ప్రశ్న అడగలేదు.

బాధితులు వేసిన కేసులో 2019లో హైకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రేజర్ చివరికి అడిగారు. హొరైజన్‌లో తప్పే లేదన్న పోస్టాఫీసు వాదన భూమి బల్లపరుపుగా ఉందన్నట్టుందని తేల్చారు. ఆయన్ను కేసు నుంచి తప్పించాలని పోస్టాఫీసు వాళ్లు మధ్యలో పిటిషన్ కూడా వేశారు, అదీ వీళ్ల ధైర్యం. 2024లో పార్లమెంటే కూర్చుని వందలాది శిక్షల్ని ఒక్క చట్టంతో కొట్టేసింది. మరి కంప్యూటర్ గారి మాటకి తిరుగులేదన్న ఆ నమ్మకం సంగతో? దాన్ని ఏం చేద్దామంటారని 2025 జనవరిలో న్యాయశాఖ అభిప్రాయాలు కోరింది. అడగడానికేముందట అందులో?