షట్‌డౌన్ చాటున కునుకు తీసే ఫాస్ట్ స్టార్టప్ గారికి

మహారాజశ్రీ ఫాస్ట్ స్టార్టప్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీలు లేదు. ఒకే డిస్కులో కాపురముంటున్న రెండు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో, అంటే ఈ ఉభయుల్లో, విండోస్ వారు కుశలమే. లినక్స్ మాత్రం మీ సీ డ్రైవ్ గుమ్మం ముందు పడిగాపులు కాస్తోంది.

కంప్యూటర్‌ని త్వరగా లేపే ఏర్పాటుగా 2012లో విండోస్ 8తో పాటు వేంచేశారు తమరు. ఆ రోజు నుంచీ షట్‌డౌన్ అనే మాటకు అర్థం చెడింది. ఆ బటన్ నొక్కగానే యూజర్‌ని లాగాఫ్ చేసి సాగనంపుతారు, అంతవరకు మర్యాదే. విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌ని మాత్రం ఆపరు. దాని మెమరీని ఉన్నదున్నట్టు హైబర్‌ఫిల్.సిస్ అనే ఫైల్లోకి మూటగట్టి, అప్పుడు కరెంటు తీస్తారు. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది, మిషన్ ఆగిపోయిందనుకుంటాడు అమాయకుడు. ఇల్లు ఖాళీ చేశానని చెప్పి తాళంచెవి జేబులో వేసుకుపోవడమంటే ఇదే. విడ్డూరం ఏమిటంటే, రీస్టార్ట్ నొక్కితే మీరు వేలు పెట్టరు, అన్నీ పద్ధతిగా మూతపడతాయి. ఆపమంటే ఆగదు, మళ్లీ మొదలుపెట్టమంటే శుభ్రంగా ఆగుతుంది!

ఇప్పుడు లినక్స్‌లోకి వచ్చి మీ పార్టిషన్ (డిస్కులో విండోస్ వాటా) మీద క్లిక్ చేస్తాం. విండోస్ డ్రైవ్‌లను లినక్స్‌లో తెరిచే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ "విండోస్ హైబర్నేట్ అయి ఉంది" (అంటే మెమరీని డిస్కులో దాచి కునుకు తీస్తోంది) అని మొండికేస్తుంది, లేదా పోనీ కదా అని రీడ్-ఓన్లీగా తెరుస్తుంది. ఫైలు కనిపిస్తుంది, తెరుచుకుంటుంది, పేజీలకు పేజీలు దిద్దాక సేవ్ మాత్రం కాదు. అందరూ డ్రైవర్‌ని తిడతారు గానీ పాపం దాని తప్పేమీ లేదు. మీ మూటలో పడుకున్న కెర్నల్‌కి ఏ ఫైలు ఎక్కడుందో పాత లెక్కే గుర్తుంటుంది. ఈలోగా లినక్స్ కొత్త ఫైళ్లు రాసిందనుకోండి, కెర్నల్ లేచి తన పాత లెక్క ప్రకారం వాటి మీదే రాసేస్తుంది. ఫైళ్లు మాయమవుతాయి, ఉన్నవి చెడతాయి, కొంప కొల్లేరవుతుంది.

మీ పుణ్యమా అని పుట్టుకొచ్చిన నాటువైద్యాలు కొన్ని. డ్రైవ్‌ని లినక్స్‌కు తగిలించేటప్పుడు (దీన్నే మౌంట్ అంటారు) రిమూవ్ హైబర్‌ఫైల్ అనే ఆప్షన్ ఇస్తే మీ మూటని చెరిపేసి లోపలికి పోవచ్చు. మూట మీదైతే పోయేదేమీ లేదు. కానీ మనిషి కావాలనే హైబర్నేట్ చేసి, సేవ్ చేయని పనులు తెరిచి వదిలి ఉంటే అవీ దానితోనే పోతాయి. ఇంకొందరు లినక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ నడిపి, విండోస్ వారి డిస్కు తనిఖీ అయిన చెక్‌డిస్క్ చేసినట్టే సంబరపడతారు. అది కొన్ని చిన్న తేడాలు సరిచేసి, మార్పుల చిట్టా అయిన జర్నల్‌ని ఖాళీ చేసి, అసలు తనిఖీని విండోస్ నెత్తిన వేసి తప్పుకుంటుంది, అంతే. 2021లో లినక్స్ 5.15 కెర్నల్‌తో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్‌కి, ఏమైనా సరే తెరువు అనే ఫోర్స్ ఆప్షన్ తగిలించే వీరులూ ఉన్నారు. వాళ్లకు బ్యాకప్ ఉండాలని ప్రార్థన.

కాబట్టి తమరికి సెలవు ఇప్పించక తప్పడం లేదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అక్కడ పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ. మీ పేరు పక్కన టిక్కు బూడిదరంగులో, ముట్టుకోనివ్వకుండా ఉంటుంది. పైనున్న "ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు" లింక్ నొక్కితేనే చేతికి చిక్కుతారు. టిక్కు తీసి, సేవ్ చేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేస్తే సరి. హైబర్నేటే అక్కర్లేదనుకునేవారు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని కొడితే మూటతో సహా మాయమవుతారు, కొన్ని గిగాబైట్లు కలిసొస్తాయి. ఇవాళ్టికి ఒక్కసారి చాలనుకుంటే షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ క్లిక్ చేయాలి. పెద్ద అప్‌డేట్ వచ్చాక టిక్కు మళ్లీ ఒకసారి చూసుకోవాలి, మీ పునర్జన్మల మీద మాకు నమ్మకం ఎక్కువ.

మీరు వెళ్లాక, బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్‌లు మౌంట్ చేయాలో లినక్స్‌కు చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పార్టిషన్‌ని యూయూఐడీ అనే గుర్తింపు సంకేతంతో రాసుకుంటాం. దాన్ని బీఎల్‌కేఐడీ అనే కమాండ్ చెబుతుంది. పక్కన నోఫెయిల్ అనే ఆప్షన్ తప్పకుండా చేరుస్తాం. అది లేకపోతే, మౌంట్ కాని రోజున మీ డ్రైవ్ కోసం లినక్స్ బూటే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే బిట్‌లాకర్ గారు కూడా కొలువై ఉంటే 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. ఆయనకో ఉత్తరం విడిగా రాయాలి.

ఇట్లు,
చదవడమే తప్ప రాయడానికి నోచుకోని
ఒక మౌంట్ పాయింట్

తా.క.: ఈ ఉత్తరాన్ని మీ డ్రైవ్‌లో పెడదామంటే కుదరలేదు, లినక్స్ వారి ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో దాచాను. విండోస్ లేచాక దాన్ని తెరవబోతే, "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని ఎంతో వినయంగా అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి.