రూప్‌చంద్‌కు ప్రమోషన్

కడప జిల్లా పేరు మార్చాలంటే జీవో కావాలి. 2010లో వైఎస్సార్ జిల్లా అనడానికి ఒకటి, 2025లో దానికి కడపను మళ్లీ తగిలించడానికి ఇంకొకటి. చేప పేరు మార్చడానికి థర్మాకోల్ పెట్టె మూత తీస్తే చాలు. పరిపాలనా సంస్కరణలకు కమిటీలు వేసేవారి కంట ఈ వేగం పడకపోవడం విచారకరం.

సముద్రం లేని కర్నూలు, కడప, అనంతపురాలకు సముద్రపు చేపను సృష్టించి ఇవ్వడం చిన్న సేవ కాదు. కైకలూరు చెరువుల్లో పెరిగిన రూప్‌చంద్ చేప ఐసు మీద పడుకుని నల్లమల ఘాటు దాటేసరికి సముద్రపు చందువా (పాంఫ్రెట్) అయి లేస్తుంది. ముందున్న ‘రూప్’ తీసేసి వెనక ‘వా’ తగిలిస్తారు, అంతే. రూప్‌చంద్ కిలో 180, చందువా 900 అనుకుంటే ఆ ఒక్క అక్షరం ధర 720 రూపాయలు. తెలుగు అక్షరానికి ఇంత విలువ ఏ అకాడమీ కట్టింది?

గిట్టనివాళ్లు చేప నోరు తెరిచి చూస్తారు. రూప్‌చంద్‌కు మనిషికి ఉన్నట్టే వెడల్పాటి పళ్లుంటాయి. చందువాది బుల్లి నోరు. వీపు రెక్కకూ తోకకూ మధ్య చిన్న కండ రెక్క కనిపిస్తే అది రూప్‌చందే. చందువాకు అదీ ఉండదు, పొట్ట కింద జత రెక్కలూ ఉండవు. రంగును నమ్ముకోవద్దు, రొమ్ము మీది ఎరుపు ఐసులో వెలిసిపోతుంది. అందుకే కొందరు తలా తోకా కొట్టేసి ముక్కలే చూపిస్తారు. దాన్ని శుభ్రత అంటారు.

కొర్రమీను గాలి పీల్చి తొట్టిలో బతికే ఉంటుంది కాబట్టి దాని దగ్గర మోసం కష్టం. ఆ కష్టం కత్తి మొద్దు దాకానే. మృగశిర కార్తె రద్దీలో తోలు ఒలిచి ‘బోన్‌లెస్’ అని సంచిలో పడేస్తే, అది కేంద్రం 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా కావచ్చు. దానికి పొలుసే ఉండదు. కొర్రమీనును తోలుతోనే కొట్టించుకుంటే, బూడిద వేసి ఎంత రుద్దినా పొలుసు గుర్తులు తోలు మీద మిగులుతాయి.

హోటల్ అపోలో ఫిష్‌లో గుడ్డు, మొక్కజొన్న పిండి, కారం, కరివేపాకు కింద ఏ చేప ఉందో దాని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. సాధారణంగా బాసా. గడ్డకట్టిన బాసా ముక్కకు మంచు పూత ఉంటుంది. 400 పెట్టి కొన్న కిలో ప్యాకెట్‌లో ఐదో వంతు పూతే అయితే 200 గ్రాముల నీళ్లకు 80 రూపాయలు ఇచ్చినట్టు. అనంతపురంలో మే నెల ట్యాంకరు కూడా ఈ రేటు అడగదు. చల్లటి నీటి ధార కింద పూత మాత్రం కరిగించి, తుడిచి మళ్లీ తూచండి.

ఇక ‘డ్యాం చేప’. ‘తెల్లారే పట్టింది సామీ’ అని ఊరూరా అమ్మే డ్యాం చేపలన్నీ నిజంగా సుంకేసులలో, బ్రహ్మంసాగర్‌లో, పెన్నహోబిలం జలాశయం పీఏబీఆర్‌లో ఉంటే నీళ్లకు చోటు చాలక గేట్లు ఎత్తాలి. రాత్రంతా పుట్టి మీద వలేసి బొచ్చె, శీలావతి తెచ్చినవాడు వచ్చి అదే మాట చెబితే కొనేవాడు నవ్వి చెరువు చేప రేటే ఇస్తాడు. వల చినిగిన ఖర్చు అతనిదే, నిద్ర అతనిదే. నాలుగు వారాలు చూసి అతనూ కైకలూరు పెట్టెకు ఫోన్ చేస్తాడు. ఈ నష్టం ఏ తక్కెడలోనూ తూగదు కనుక లేనట్టే లెక్క.

చట్టం ఉంది. చేపకు లేబులే లేనప్పుడు తప్పుడు లేబుల్ ఎక్కడిదనే వాదన చెల్లదు: 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంకో ఆహారం పేరుతో అమ్మినా మిస్‌బ్రాండింగే, సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా జరిమానా. ముక్కలైన చేపను తేల్చాలంటే డీఎన్ఏలో సుమారు 650 అక్షరాల ముక్క చదవాలి. ఒక్క ‘వా’ కోసం! రిపోర్టు వచ్చేలోపు పులుసూ సంగటీ అరిగిపోయి ఉంటాయి.

కాబట్టి సులువైన దారి పత్రికా ప్రకటనే. ‘ఇంతవరకు రూప్‌చంద్‌గా పిలవబడిన నేను నేటి నుండి చందువాగా వ్యవహరింపబడుదును.’ పాస్‌పోర్టు సైజు ఫొటో జతచేయాలి. నోరు మూసుకుని దిగితే చాలు.